మత్స్యకారుల భద్రతకు బ్లూటూత్ అనుసంధానం: బీకన్లు పనిచేసే తీరు, తనిఖీ విధానం

విశాఖపట్నం: నగరంలోని వన్ టౌన్ ప్రాంతానికి చేరువలో ఉన్న ఫిషింగ్ హార్బర్ నుంచి మరపడవలు, సోనా బోట్లు బంగాళాఖాతంలో వేటకు బయలుదేరుతుంటాయి. తీరం నుంచి కొంతదూరం వెళ్లిన తరువాత సెల్‌ఫోన్ సంకేతాలు అందవు. ఆపై పడవలోని డ్రైవరుకు, కలాసీలకు ఒడ్డుతో గల సంబంధం రేడియో, ఉపగ్రహ పరికరాల మీదనే ఆధారపడి ఉంటుంది. ఇటీవలి కాలంలో ఈ ఉపగ్రహ పరికరాలకు మత్స్యకారుని చేతిలోని ఫోనును జతపరచేందుకు బ్లూటూత్ సాంకేతికత వినియోగంలోకి వచ్చింది. ఈ నేపథ్యంలో బ్లూటూత్ బీకన్లు అనగానేమి, అవి ఏ విధంగా పనిచేస్తాయి, సక్రమంగా పనిచేస్తున్నదీ లేనిదీ నిర్ధారించుకొనుట ఎట్లు అన్న అంశాలను పాత్రికేయుల, అధికారుల సమాచారం నిమిత్తం ఈ వ్యాసంలో వివరించడమైనది.

దీపస్తంభం నుంచి రేడియో సంకేతం వరకు

బీకన్ అన్న మాటకు దారి చూపే దీపం, సంకేతం అని అర్థం. విశాఖ నౌకాశ్రయ ముఖద్వారం పక్కన ఉన్న డాల్ఫిన్ నోస్ కొండపై 1957లో నెలకొల్పిన దీపస్తంభం ఇందుకు కళ్లెదుటి ఉదాహరణ. దీపస్తంభం ఏ నౌకతోనూ సంభాషించదు. ఏ నౌక తనను చూసినదో దానికి తెలియదు. తాను ఉన్న చోటును, తన గుర్తింపును తెలిపే వెలుగును నిర్ణీత వ్యవధిలో ప్రసరింపజేయడమే దాని పని. ఆ వెలుగును గుర్తించి, తన పటంతో సరిచూసుకొని, తన స్థానాన్ని అంచనా వేసుకోవలసిన బాధ్యత నావికునిది.

బ్లూటూత్ బీకన్ కూడా అచ్చముగా ఇదే సూత్రంపై పనిచేస్తుంది. వెలుగుకు బదులు రేడియో తరంగాలు, నావికునికి బదులు సెల్‌ఫోన్ ఉంటాయి. 2015లో గూగుల్ సంస్థ తన బీకన్ విధానానికి ఇంగ్లండు తీరంలోని ప్రసిద్ధ దీపస్తంభమైన ఎడ్డీస్టోన్ పేరు పెట్టడానికి కారణం ఇదే. అంతకు రెండేళ్ల ముందు, 2013లో, ఆపిల్ సంస్థ ఐబీకన్ పేరిట ఇటువంటి విధానాన్నే ప్రవేశపెట్టింది.

బ్లూటూత్ బీకన్ నిర్మాణం, పనితీరు

బ్లూటూత్ ప్రమాణాలను రూపొందించే సంస్థల కూటమి 1998లో ఏర్పడింది. 2010లో వెలువడిన 4.0 ప్రమాణంలో తక్కువ విద్యుత్తుతో పనిచేసే విధానం చేర్చబడింది. నాణెం ఆకారంలోని చిన్న బ్యాటరీతో నెలల తరబడి పనిచేయగల బీకన్లు దీనివలననే సాధ్యమైనవి.

ఈ పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ తరంగశ్రేణిలో పనిచేస్తాయి. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు గల ఈ శ్రేణిలో నిర్ణీత శక్తి పరిమితికి లోబడిన పరికరాల వినియోగానికి విడిగా లైసెన్సు అవసరం లేదని భారత ప్రభుత్వం 2005లో నోటిఫై చేసింది. తక్కువ విద్యుత్ బ్లూటూత్ ఈ శ్రేణిని 2 మెగాహెర్ట్జ్ చొప్పున 40 చానళ్లుగా విభజించుకుంటుంది. వీటిలో 37, 38, 39 సంఖ్యలు గల మూడు చానళ్లు ప్రాథమిక ప్రకటనలకు కేటాయించబడినవి. ఇవి వరుసగా 2402, 2426, 2480 మెగాహెర్ట్జ్ వద్ద ఉంటాయి. వైఫై పరికరాలు తరచుగా వాడే చానళ్ల నడుమ మిగిలిన ఖాళీలలో వీటిని అమర్చడం వలన పరస్పర ఆటంకం తగ్గుతుంది.

బీకన్ తన ప్రకటనను ఈ మూడు చానళ్లలో ఒకదాని తరువాత ఒకటిగా పంపి, వెంటనే నిద్రావస్థలోకి వెళుతుంది. ఒక్కొక్క ప్రకటన నిడివి సెకనులో వెయ్యవ వంతు కన్నా తక్కువ. తిరిగి నిర్ణీత విరామం తరువాత మేల్కొని అదే సమాచారాన్ని పంపుతుంది. ఈ విరామం సెకనులో పదో వంతు మొదలు పది సెకన్ల వరకు ఉండవచ్చు. ఒకే చోట ఉన్న రెండు బీకన్లు ప్రతిసారీ ఒకే క్షణంలో ప్రసారం చేసి ఒకదానినొకటి అడ్డుకోకుండా, ప్రతి విరామానికి సెకనులో నూరవ వంతు లోపు యాదృచ్ఛిక ఆలస్యం జోడించబడుతుంది.

సాంప్రదాయిక ప్రకటనలో 31 బైట్ల సమాచారానికి మాత్రమే చోటు ఉంటుంది. ఐబీకన్ విధానంలో ఇందులో 16 బైట్లు సంస్థ గుర్తింపు సంఖ్యకు, 2 బైట్లు ప్రాంతం సంఖ్యకు, 2 బైట్లు విడి పరికరం సంఖ్యకు, 1 బైటు ఒక మీటరు దూరంలో నమోదు కావలసిన సంకేత బలానికి కేటాయించబడినవి. అనగా బీకన్ పంపేది కొన్ని సంఖ్యలు మాత్రమే. ఆ సంఖ్య ఏ గోదామునకు, ఏ పడవకు, ఏ జెట్టీకి చెందినదో తెలిపే పట్టిక ఫోనులోని యాప్ వద్దనో, సర్వర్ వద్దనో ఉంటుంది. పట్టిక తప్పయిన పక్షంలో బీకన్ ఎంత చక్కగా పనిచేసినా సమాచారం తప్పుగానే చేరుతుంది.

దూరం: కొలత కాదు, అంచనా

బీకన్ ఎంత దూరంలో ఉన్నదీ ఫోను నేరుగా కొలవదు. అందిన సంకేత బలాన్ని, ఒక మీటరు వద్ద ఉండవలసిన బలంతో పోల్చి అంచనా వేస్తుంది. ఉదాహరణకు ఒక మీటరు వద్ద బలం మైనస్ 59 డీబీఎం అనుకుంటే, ఏ అడ్డూ లేని చోట 2 మీటర్ల వద్ద అది సుమారు మైనస్ 65కు, 4 మీటర్ల వద్ద మైనస్ 71కు తగ్గుతుంది. దూరం రెట్టింపయిన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తరుగుతాయన్నమాట.

వాస్తవ పరిస్థితులు ఇంత సరళంగా ఉండవు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు శోషిస్తుంది. మనిషి శరీరంలో అధిక భాగం నీరే అయినందున, బీకన్‌కు ఫోనుకు మధ్య ఒక మనిషి నిలబడినా సంకేతం క్షీణిస్తుంది. ఆ క్షీణత 10 డెసిబెల్స్ ఉన్న పక్షంలో లెక్కలో దూరం మూడు రెట్లకు పైగా ఎక్కువగా కనిపిస్తుంది. ఇనుప రేకులు, ఇంజను, ఐసు పెట్టెలు, తడి వలలు ఉండే పడవలో ఈ తేడాలు మరింత ఎక్కువ. కనుక ఒక్కసారి కనిపించిన సంఖ్యను దూరంగా భావించరాదు. కొద్ది క్షణాలపాటు అందిన సంకేతాల సగటును తీసుకొని, దగ్గర, మధ్యస్థం, దూరం అన్న మూడు తరగతులుగా పేర్కొనడం సమంజసం.

ఇదే కారణం చేత, సముద్రంలో పడిపోయిన వ్యక్తిని వెదకడానికి బ్లూటూత్ బీకన్‌ను సాధనంగా పరిగణించరాదు. నీట మునిగిన బీకన్ సంకేతం బయటకు అందదు. ధరించిన వ్యక్తి సంకేతం అకస్మాత్తుగా ఆగిపోయినప్పుడు పడవలో అలారం మోగేలా అమర్చిన వ్యవస్థలు ఉన్నప్పటికీ, అవి ప్రమాదం జరిగిందని తెలపగలవే గాని మనిషి ఎక్కడ ఉన్నాడో చూపలేవు.

పడవలలో ఉపగ్రహ పరికరాలు

భారత అంతరిక్ష పరిశోధన సంస్థ రూపొందించిన ఆపద హెచ్చరిక పరికరం, డాట్, 2010 నుంచి వినియోగంలో ఉన్నది. అగ్నిప్రమాదం, పడవ మునక, మనిషి నీట పడిపోవడం, వైద్య సహాయం అవసరం కావడం వంటి సందర్భాలలో మీట నొక్కగానే, పడవ గుర్తింపు, స్థానం ఉపగ్రహం ద్వారా భారత మిషన్ నియంత్రణ కేంద్రానికి చేరుతాయి. అక్కడి నుంచి సమాచారం భారత తీర రక్షక దళానికి చెందిన సముద్ర రక్షణ సమన్వయ కేంద్రాలకు అందుతుంది.

తొలి తరం పరికరంలో సమాచారం ఒకవైపు మాత్రమే సాగేది. సందేశం చేరినదీ లేనిదీ పడవలోని వారికి తెలిసే వీలు లేదు. 2024 జనవరిలో ఇస్రో ప్రకటించిన రెండవ తరం పరికరంలో ఈ లోపం సవరించబడింది. కేంద్రం నుంచి సందేశం అందినట్లు తిరుగు సమాచారం వస్తుంది. తుపాను, సునామీ వంటి హెచ్చరికలను కూడా ముందుగా పంపే వీలున్నది. ఈ పరికరాన్ని బ్లూటూత్ ద్వారా సెల్‌ఫోనుకు జతపరచి, యాప్‌లో మాతృభాషలో సందేశాలు చదువుకొనవచ్చును. ఆ ప్రకటన నాటికి 20,000కు పైగా తొలి తరం పరికరాలు వాడుకలో ఉన్నట్లు ఇస్రో తెలిపింది.

దీనికి తోడు, ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద తీరప్రాంత రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలోని లక్ష చేపల వేట పడవలకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు అమర్చే 364 కోట్ల రూపాయల జాతీయ కార్యక్రమం 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభమైనది. రెండు వైపులా సంక్షిప్త సందేశాలు, వాతావరణ హెచ్చరికలు, అంతర్జాతీయ సముద్ర సరిహద్దు సమీపించినప్పుడు అప్రమత్తం చేయడం ఈ పరికరాల ముఖ్య ప్రయోజనాలు.

సరిహద్దు హెచ్చరిక విలువ ఉత్తరాంధ్ర మత్స్యకార కుటుంబాలకు తెలియనిది కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గుజరాత్‌కు వలస వెళ్లి, 2018 నవంబరులో వేట సాగిస్తూ పాకిస్థాన్ అధికారులకు పట్టుబడిన మత్స్యకారులలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా స్వదేశానికి చేరుకున్నారు. ఏడాదికి పైగా ఆ కుటుంబాలు ఆధారం లేక ఎదురుచూశాయి. అదేవిధంగా 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు సెల్‌ఫోన్ వ్యవస్థ స్తంభించిపోయిన విషయం విదితమే. నేలపైని టవర్లపై ఆధారపడని సమాచార మార్గం ఎంత అవసరమో నాటి అనుభవం తేటతెల్లం చేసింది.

గొలుసులో మూడు లంకెలు

పడవలోని ఏర్పాటును మూడు లంకెల గొలుసుగా భావించవచ్చును. మొదటిది ఫోనుకు, పరికరానికి మధ్య గల బ్లూటూత్ లంకె. దీని పరిధి పడవ వరకే. రెండవది పరికరానికి, ఉపగ్రహానికి మధ్య గల లంకె. మూడవది ఉపగ్రహం నుంచి భూకేంద్రానికి, అక్కడి నుంచి రక్షక దళానికి సాగే లంకె.

ఫోను తెరపై జతపడినట్లు కనిపించడం మొదటి లంకె బాగున్నదనడానికి మాత్రమే నిదర్శనం. ఉపగ్రహ సంకేతం అందుతున్నదని దాని అర్థం కాదు. ఇందుకు భిన్నంగా, ఫోను పాడైనా, తడిసినా, చార్జి లేకపోయినా పరికరంపై గల ఆపద మీట తన పని తాను చేస్తుంది. కనుక ఫోను పనిచేయడం లేదన్న కారణంతో ఆపద సమయంలో పరికరాన్ని విడిచిపెట్టరాదు. ఈ తేడాను పడవలో ప్రతి ఒక్కరూ ఎరిగి ఉండడం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

సాధారణ బీకన్‌కు, పడవ పరికరానికి గల భేదాన్ని కూడా గమనించవలసి ఉన్నది. సాధారణ బీకన్ ప్రకటన చేసి ఊరకుంటుంది. పడవ పరికరంతో ఫోను జతకూడి ఇరువైపులా సమాచారం మార్చుకుంటుంది. తక్కువ విద్యుత్ బ్లూటూత్‌లో ప్రకటన అన్నది ఫోను ఎదుటి పరికరాన్ని కనుగొనే తొలి మెట్టు.

బ్లూటూత్ బీకన్ తనిఖీ

బీకన్‌లో లోపం ఏర్పడినప్పుడు అది ఫిర్యాదు చేయదు. మౌనమే దాని లోపానికి ఏకైక సూచన. కనుక క్రమబద్ధమైన తనిఖీ తప్పనిసరి. గోదాములు, కార్యాలయాలు, రేవులు మొదలగు చోట్ల అమర్చిన బీకన్లకు ఈ దిగువ క్రమం అనుసరణీయం.

ఒకటి, ఉనికి. బ్లూటూత్ స్కానర్ యాప్ గల ఫోనును బీకన్‌కు ఒక మీటరు దూరంలో ఉంచి, ప్రకటన కనిపించుచున్నదో లేదో చూడాలి. ఐఫోన్‌లోని సాధారణ స్కానర్ యాప్‌లకు ఐబీకన్ ప్రకటనలు కనిపించవు. కాబట్టి ఈ పరీక్షకు ఆండ్రాయిడ్ ఫోను వాడడం మేలు. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 వరకు స్కానింగుకు లొకేషన్ అనుమతి, ఆండ్రాయిడ్ 12 నుంచి సమీప పరికరాల అనుమతి అవసరం. అనుమతి ఇవ్వని ఫోనులో బీకన్ కనిపించకపోవడాన్ని బీకన్ లోపంగా నమోదు చేయరాదు.

రెండు, గుర్తింపు. ప్రకటనలోని సంఖ్యలను రిజిస్టరులోని సంఖ్యలతో అక్షరాలా సరిచూడాలి. బ్యాటరీ మార్చిన సందర్భాలలో రెండు బీకన్లు తారుమారు కావడం పరిపాటి.

మూడు, విరామం. నిర్ణయించిన వ్యవధికి ప్రకటనలు వస్తున్నవో లేదో ఒక నిమిషంపాటు పరిశీలించాలి. ఫోను అన్ని ప్రకటనలనూ పట్టుకోజాలదు. కొన్ని తప్పిపోవడం సహజమే. దీర్ఘంగా ఖాళీలు ఏర్పడితే పరిశీలన అవసరం.

నాలుగు, బలం. ఒక మీటరు వద్ద, తిరిగి బీకన్‌ను వాడే దూరం వద్ద సంకేత బలాన్ని నమోదు చేయాలి. మునుపటి తనిఖీ కన్నా బలం గణనీయంగా తగ్గి ఉంటే, బ్యాటరీని నిందించే ముందు చుట్టుపక్కల కొత్తగా ఇనుప బీరువా, రేకు గోడ వంటివి వచ్చినవేమో చూడాలి. తేడాలు తెలియాలంటే ప్రతిసారీ ఒకే ఫోనును, ఒకే తీరులో పట్టుకొని వాడాలి.

ఐదు, బ్యాటరీ. సాధారణంగా వాడే 3 వోల్టుల నాణెం బ్యాటరీ సామర్థ్యం సుమారు 220 మిల్లీ ఆంపియర్ గంటలు. బీకన్ సగటున 20 మైక్రో ఆంపియర్లు వాడుకుంటే 11,000 గంటలు, అనగా సుమారు 458 రోజులు వస్తుంది. ప్రకటనల విరామాన్ని సగానికి తగ్గిస్తే వినియోగం దాదాపు రెట్టింపవుతుంది. ఈ రకం బ్యాటరీ వోల్టేజి చివరి దశ వరకు పెద్దగా తగ్గక, ఆపై ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి వోల్టేజి చూసి ధీమా పడక, అమర్చిన తేదీని అనుసరించి మార్చడం శ్రేయస్కరం.

పడవలోని పరికరం తనిఖీ

పడవలోని ఉపగ్రహ పరికరం విషయంలో పాటించవలసిన మొదటి నియమం, ఆపద మీటను పరీక్ష నిమిత్తం నొక్కకపోవడం. ప్రపంచవ్యాప్తంగా ఇటువంటి పరికరాల నుంచి అందే హెచ్చరికలలో నిజమైన ఆపద కానివే అధికం. ప్రతి తప్పుడు హెచ్చరికకూ రక్షణ సిబ్బంది సమయం వెచ్చించవలసి వస్తుంది. ఆ సమయంలోనే మరొక పడవకు నిజమైన ఆపద ఎదురుకావచ్చు. పరికరంలో స్వయం పరీక్షకు ప్రత్యేక ఏర్పాటు ఉంటే, తయారీదారు సూచించిన మేరకు దానినే వినియోగించాలి. పొరపాటున మీట నొక్కిన పక్షంలో దాచిపెట్టక, వెంటనే తీర రక్షక దళానికి తెలియజేయాలి.

బ్లూటూత్ జత పడనప్పుడు మొదట ఫోనులోని అనుమతులను, విద్యుత్ పొదుపు అమరికను చూడాలి. విద్యుత్ పొదుపు అమరిక యాప్‌ను నేపథ్యంలో ఆపివేయడం తరచుగా జరిగేదే. జతపడిన పరికరం సాధారణంగా ప్రకటనలు ఆపివేస్తుంది. కాబట్టి పరికరం అప్పటికే మరొకరి ఫోనుతో జతపడి ఉంటే, రెండవ ఫోనుకు అది కనిపించకపోవచ్చు. ఇది లోపం కాదు. రేవు విడిచే ముందు, డ్రైవరుతో పాటు మరొక కలాసీ ఫోనులోనూ యాప్ సిద్ధపరచి, ఒకరి తరువాత ఒకరు జతపరచి చూడడం మంచిది. ఒక్కరి ఫోను మీద పడవలోని అందరి భద్రత ఆధారపడరాదు.

యాంటెన్నా పైన వలలు, టార్పాలిన్ కప్పకుండా ఆకాశం కనిపించేలా ఉంచాలి. ఉప్పుగాలికి వైర్ల కొనలు పచ్చగా చిలుము పట్టిన పక్షంలో శుభ్రపరచాలి. పడవ యజమాని మారినా, రిజిస్ట్రేషన్ వివరాలు మారినా, పరికరం నమోదులో ఆ మార్పులు చేయించుకోవాలి. పాత యజమాని ఇంటికి ఫోను చేసి విచారించే పరిస్థితి ఏర్పడితే విలువైన సమయం వృథా అవుతుంది.

తనిఖీకి అనువైన కాలం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం అమలులో ఉంటుంది. ఈ కాలంలో మరపడవలు ఒడ్డున ఉండి మరమ్మతులు జరుపుకుంటాయి. ఇంజను, వలలతో పాటు సమాచార పరికరాల తనిఖీకి కూడా ఇదే తగిన అదను. నిషేధం ముగిసి పడవలు ఒక్కసారిగా కదిలే రోజున పరీక్షకు తీరిక దొరకదు. వేటకు వెళ్లే ప్రతిసారీ చేయవలసిన క్లుప్త పరీక్షకు కొద్ది నిమిషాలు చాలును.

గోప్యత, భద్రత

బీకన్ ప్రకటన బహిరంగమైనది. సమీపంలోని ఏ ఫోనైనా దానిని చదవగలదు, నకలు చేయగలదు. కాబట్టి హాజరు నమోదు, ప్రవేశ అనుమతి వంటి వ్యవహారాలకు బీకన్ సంఖ్యను ఏకైక ఆధారంగా స్వీకరించరాదు. గుర్తింపు సంఖ్యను నిర్ణీత వ్యవధిలో మార్చుతూ ఉండే విధానాలు దీనికి కొంతవరకు పరిష్కారం. కొవిడ్ కాలంలో 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన ఆరోగ్య సేతు యాప్, సమీప ఫోన్లను గుర్తించడానికి బ్లూటూత్‌ను వినియోగించినప్పుడు గోప్యతపై దేశవ్యాప్తంగా చర్చ జరిగినది. చేపలు దొరికే తావు ఇతరులకు తెలియకూడదని భావించే మత్స్యకారుల ఆందోళన కూడా ఈ కోవకు చెందినదే. స్థాన సమాచారం ఎవరికి చేరుతుంది, దేనికి వాడబడుతుంది అన్నది పరికరం అమర్చే సమయంలోనే వారికి స్పష్టంగా వివరించడం అవసరం.

వార్తల రచనలో గమనింపదగిన అంశాలు

బ్లూటూత్ ద్వారా తీరానికి సందేశం చేరిందని వ్రాయడం సరికాదు. తీరానికి చేర్చేది ఉపగ్రహం. బ్లూటూత్ పరికరానికి, ఫోనుకు మధ్య వారధి మాత్రమే. పరికరాలు పంపిణీ చేయబడిన సంఖ్య, అమర్చబడిన సంఖ్య, తనిఖీలో పనిచేస్తున్నట్లు తేలిన సంఖ్య వేర్వేరు. ఈ మూడింటినీ విడివిడిగా పేర్కొన్నప్పుడే పాఠకునికి వాస్తవ పరిస్థితి బోధపడుతుంది.

సముద్రంలో ఆపద సంభవించినప్పుడు ఉపగ్రహ పరికరంతో పాటు వీహెచ్ఎఫ్ రేడియో 16వ చానల్‌లోనూ సహాయం కోరవచ్చును. సెల్‌ఫోన్ సంకేతం అందే పరిధిలో ఉన్నవారు, పడవ తిరిగి రాక ఆందోళన చెందే కుటుంబసభ్యులు భారత తీర రక్షక దళం టోల్ ఫ్రీ నంబరు 1554కు తెలియజేయవచ్చును.